పిల్లల మొదటి చెస్ టోర్నమెంట్‌కి ఒక్క ఓపెనింగ్‌తో ఎలా సిద్ధం చేయాలి

పోయిన వేసవిలో మా అక్క కొడుకుని విజయనగరంలో పిల్లల చెస్ టోర్నమెంట్‌కి తీసుకెళ్లాను. అండర్-11 విభాగం. పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కాం. మొదటి రెండు రౌండ్లు హాయిగా గెలిచాడు, మూడో రౌండ్‌లో తొమ్మిదో ఎత్తుకే ఆటకట్టు అయిపోయింది. మిగతా పిల్లలు ఇంకా పావులు బయటికి తీస్తూ ఉంటే వీడు హాలు బయటికొచ్చి నా పక్కన నిలబడి, "మావయ్యా, నేనేటి తప్పు ఆడాను? సార్ చెప్పినట్టే ఆడాను కదా" అన్నాడు.

నిజమే, నాలుగో ఎత్తు దాకా చెప్పినట్టే ఆడాడు. ఆ తర్వాత ఎదుటి పిల్లాడు పుస్తకంలో లేని ఎత్తు ఏదో వేశాడని కాదు, వీడికి తెలిసిన పుస్తకం అక్కడ అయిపోయింది. అంతకు ముందు రెండు నెలల పాటు ఒక కోచింగ్‌లో ఎనిమిది ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు, పద్యాల్లా బట్టీ పట్టించారు. ఏ ఎత్తు ఎందుకు వేస్తున్నామో ఒక్కదానికీ చెప్పలేదు.

ఆ రోజు తిరుగు రైలులో మొదలుపెట్టి తర్వాత ఆరు వారాల పాటు మేమిద్దరం చేసిన పనిని వరసగా రాస్తున్నాను. పావులు ఎలా కదులుతాయో తెలిసి, టోర్నమెంట్ ఎప్పుడూ ఆడని పిల్లలున్న ఇళ్ల కోసం ఇది. టెక్కలి, రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి లాంటి చోట్ల పక్క వీధిలో కోచ్ దొరకడు, నేర్పాల్సింది ఇంట్లో వాళ్లే. రోజుకి నలభై నిమిషాలు చాలు. బోర్డు ఎదురుగా పెట్టుకుని చదవండి, ఎత్తులు వేసి చూడకపోతే సగమే అర్థమవుతుంది.

ముందు ఇంటి ఆటని వదిలించాలి

చాలామంది పిల్లలకి ఆట నేర్పింది తాతయ్యో పెదనాన్నో అయి ఉంటారు. అది మంచిదే, కానీ మన ఇళ్లలో ఆడే చదరంగానికీ టోర్నమెంట్ చెస్‌కీ తేడాలున్నాయి. కొన్ని ఇళ్లలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే కదులుతుంది, రాజు ఆటలో ఒకసారి గుర్రంలా గెంతొచ్చు. టోర్నమెంట్‌లో రాజుకి ఆ గెంతు లేదు, దాని బదులు క్యాజిలింగ్ ఉంది, అంటే ఒకే ఎత్తులో రాజుని ఏనుగు వైపు రెండు గడులు జరిపి, ఆ ఏనుగుని రాజుకి అవతలి పక్కన పెట్టడం. బంటు మొదటిసారి రెండు గడులు వెళ్లొచ్చు. అలా రెండు గడులు దూకి మన బంటు పక్కకి వచ్చి ఆగిన బంటుని, అది ఒక్క గడే కదిలినట్టు లెక్కేసి మన బంటుతో కొట్టొచ్చు. దీన్ని ఎన్‌పాసాన్ అంటారు, ఆ వెంటనే వచ్చే ఎత్తులోనే కొట్టాలి, ఆలస్యం చేస్తే ఆ అవకాశం పోతుంది. ఇది తెలియని పిల్లలు ఎదుటివాడు దొంగాట ఆడాడని ఏడవడం కళ్లారా చూశాను.

పేర్ల సంగతి కూడా. ఇంట్లో మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు అంటాం. బిషప్‌ని ఒకరింట్లో శకటు అంటే ఇంకొకరింట్లో ఒంటె అంటారు. హాలులో మాత్రం క్వీన్, రూక్, నైట్, పాన్, బిషప్ అనే వినపడతాయి, కాబట్టి పిల్లలకి రెండూ అలవాటు చేయండి. నేను ఇక్కడ హాలు పేర్లే వాడుతున్నాను, పాన్‌ని మాత్రం బంటు అంటాను, అలా అనకపోతే నాకు తోచదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ముట్టుకుంటే కదపాలన్న నియమం. మన పావుని కావాలని ముట్టుకుంటే దాన్నే కదపాలి, ఎదుటి పావుని ముట్టుకుంటే, కొట్టే దారి ఉంటే, దాన్ని కొట్టి తీరాలి. వంకరగా ఉన్న పావుని సర్దాలంటే మన వంతు వచ్చాక, ముట్టుకోకముందే "అడ్జస్ట్" అని చెప్పాలి. ఇంట్లో ఆడేటప్పుడు "ఒరే ఆగాగు, వెనక్కి తీసుకుంటాను" అనడం అలవాటైన పిల్లలకి ఇది పెద్ద దెబ్బ. అందుకని మా ఇంట్లో మొదటి వారం అంతా ఈ ఒక్క నియమమే, వాడు ఏడ్చినా సరే, నేను పొరపాటున ముట్టుకున్నా సరే. క్యాజిలింగ్ చేసేటప్పుడు రాజునే ముందు ముట్టుకోవాలి, ఒకే చేత్తో చేయాలి. రూక్‌ని ముందు ముట్టుకుంటే ఆ వైపు క్యాజిలింగ్ ఆ ఎత్తులో ఒప్పుకోరు, రూక్‌నే కదపాల్సి వస్తుంది. ఇద్దరి సమయాన్నీ విడివిడిగా లెక్కపెట్టే చెస్ గడియారం బల్ల మీద ఉంటుంది, ఎత్తు వేసిన చేత్తోనే దాన్ని నొక్కాలి. ఇవి నోటితో చెబితే ఎక్కవు, చేతికి అలవాటు కావాలి.

గడుల పేర్లు, ఆట రాయడం

తెల్ల పావుల వైపు కూర్చుంటే ఎడమ నుంచి కుడికి నిలువు వరసలు ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ, హెచ్. మన వైపు నుంచి పైకి అడ్డ వరసలు 1 నుంచి 8. తెల్ల రాజు ఈ1లో, నల్ల రాజు ఈ8లో మొదలవుతారు. బోర్డు సరిగ్గా పెట్టామా లేదా అంటే మన కుడిచేతి మూల గడి తెల్లగా ఉండాలి.

ఆట రాయడం క్లాసికల్ ఆటల్లో, అంటే ఎక్కువ సమయం ఇచ్చే ఆటల్లో, తప్పనిసరి. తక్కువ సమయంలో ఆడే ర్యాపిడ్‌లో రాయకపోయినా ఏమీ అనరు, ఒక్క రోజులో ముగిసే టోర్నమెంట్లు చాలావరకు ర్యాపిడ్డే. అయినా పిల్లలకి రాయడం నేర్పండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

తెల్ల పావులతో: ఇటాలియన్

నేను ఒక్క ఓపెనింగే ఎంచుకున్నాను. దీని పేరు ఇటాలియన్. 17వ శతాబ్దంలో గ్రెకో అనే ఇటలీ ఆటగాడు రాసిపెట్టిన ఆటల్లో ఇది ఉంది, 2016లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఐదో ఆటలో అప్పటి ప్రపంచ చాంపియన్ కార్ల్‌సన్ కూడా ఇదే వేశాడు. అంటే చిన్నపిల్లల ఓపెనింగ్ అని తర్వాత పారేయక్కర్లేదు, పెద్దయ్యాకా పనికొస్తుంది.

మొదటి ఎత్తు, తెల్ల బంటు ఈ4. ఎందుకు? నడుమ గడి మన చేతికొస్తుంది, పైగా ఒక్క ఎత్తుతో బిషప్‌కీ క్వీన్‌కీ దారి తెరుచుకుంటుంది. నల్లవాళ్లు కూడా బంటుని ఈ5కి తెచ్చారనుకుందాం. రెండో ఎత్తు, నైట్ ఎఫ్3. ఈ5 బంటు మీద దాడి. వాళ్లు నైట్ సీ6తో దాన్ని కాపాడతారు. మూడో ఎత్తు, బిషప్ సీ4.

ఇక్కడ ఆపి పిల్లల్ని అడగండి, ఈ బిషప్ ఎటు చూస్తోందని. వేలితో గీత గీయించండి: సీ4, డీ5, ఈ6, ఎఫ్7. ఎఫ్7 బంటుని కాపాడేది ఆట మొదట్లో ఒక్క రాజే. క్వీన్ కాదు, రూక్ కాదు, నైట్ కాదు. ఆ ఒక్క గడి చుట్టూనే పిల్లల టోర్నమెంట్లలో సగం ఆటలు ముగుస్తాయని నాకు అనిపిస్తుంది. మనకి అదే గడి ఎఫ్2. ఈ రెండు గడుల సంగతి అర్థమైన పిల్లాడు ఎనిమిది ఓపెనింగులు బట్టీ పట్టినవాడి కంటే ధైర్యంగా కూర్చుంటాడు.

నల్లవాళ్లు బిషప్ సీ5 వేశారనుకుందాం. ఇప్పుడు మన నాలుగో ఎత్తు, బంటు సీ3. ఇది పిల్లలకి నచ్చదు, ఏమీ చేయని ఎత్తులా కనిపిస్తుంది. దీనికి రెండు పనులున్నాయి: ఒకటి, తర్వాత ఎప్పుడైనా బంటుని డీ4కి తోస్తే వెనక సీ3 బంటు అండగా ఉంటుంది. రెండు, సీ2 గడి ఖాళీ అయింది కదా, మన బిషప్ బీ3కి జరిగాక నల్ల నైట్ ఏ5కి వచ్చి దాన్ని తరిమితే సీ2కి తప్పుకోవచ్చు. తర్వాత డీ3, క్యాజిలింగ్, రూక్ ఈ1. ఇంకా మిగిలింది బీ1లో ఉన్న నైట్. అది డీ2కి వచ్చి, అక్కణ్నుంచి ఎఫ్1కి, అక్కణ్నుంచి జీ3కి వెళ్తుంది. ఎఫ్1లో ఇంతకు ముందు రూక్ ఉంది కాబట్టి రూక్ ఈ1కి జరిగాకే ఈ దారి దొరుకుతుంది. మావాడు మొదట్లో ఈ వరస తప్పి నైట్‌ని డీ2లో ఇరికించి కూర్చునేవాడు. "ఇంటికెళ్లే బస్సు రాకముందే స్టాండ్‌లో పరిగెత్తితే ఏం లాభంరా" అన్నాను, అప్పుడు పట్టుకున్నాడు.

నల్ల బిషప్ జీ4కి వచ్చి మన ఎఫ్3 నైట్‌ని కట్టేసేలా (అది కదిలితే వెనకున్న క్వీన్ పోయేలా) ఉంటే బంటు హెచ్3. అంతే. ఇంతకంటే ఎత్తులు నేర్పకండి. పది ఎత్తులకి పావులు దాదాపు అన్నీ బయట, రాజు భద్రంగా ఉంటాడు, ఆ తర్వాత ఆట ఆ పిల్లది.

ఒక పరీక్ష పెట్టండి. మధ్యలో ఏదో ఒక ఎత్తు దగ్గర ఆపి "ఇది ఎందుకు?" అని అడగండి. "సార్ చెప్పారు" అన్నాడంటే ఆ ఎత్తు ఇంకా రానట్టే లెక్క, మళ్లీ మొదటికి రండి. "నైట్‌కి దారి కోసం" అన్నాడంటే చాలు, మాటలు ఎలా ఉన్నా పర్వాలేదు.

ఎదుటివాళ్లు ఈ5 వేయకుండా సీ5, ఈ6, సీ6 ఏదైనా వేయొచ్చు. వీటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి, మొదటి టోర్నమెంట్‌కి అవి అనవసరం. వీలైతే డీ4 కూడా వేసి నడుమ రెండు బంట్లు నిలబెట్టు, నైట్లు తియ్యి, బిషప్‌లు తియ్యి, రాజుని భద్రం చెయ్యి. ఈ నాలుగు మాటలు చాలు.

నల్ల పావులతో: ఆ తొమ్మిదెత్తుల ఆట

ఎత్తుకి ఎత్తు వేసి చూడండి.

తెల్ల ఈ4, నల్ల ఈ5. నైట్ ఎఫ్3, నైట్ సీ6. బిషప్ సీ4. ఇక్కడ మావాడు మూడో ఎత్తుగా నైట్ ఎఫ్6 వేశాడు. తప్పు కాదు, పేరున్న ఎత్తే. కానీ వెంటనే తెల్ల నైట్ జీ5కి దూకింది. ఇప్పుడు ఎఫ్7 మీద ఇద్దరు, నైట్, బిషప్. కాపాడేవాడు రాజు ఒక్కడే. మావాడు బిషప్‌ని అడ్డుకోవడానికి డీ5 వేశాడు, అదీ సరైనదే. తెల్ల బంటు డీ5ని కొట్టింది. ఇక్కడే మావాడి పుస్తకం అయిపోయింది. చేతికి అందుతున్న బంటుని నైట్‌తో కొట్టేశాడు, ఐదో ఎత్తు.

ఆరు, తెల్ల నైట్ ఎఫ్7 బంటుని కొట్టింది. ఒకేసారి క్వీన్ మీదా రూక్ మీదా పడింది. రాజు దాన్ని కొట్టక తప్పలేదు. ఏడు, క్వీన్ ఎఫ్3, రాజుకి చెక్, అదే సమయంలో డీ5 నైట్ మీద కూడా దాడి. దీనికి ఇటలీలో ఫెగటెల్లో అని పాత పేరు, ఇంగ్లిష్ పుస్తకాల్లో ఫ్రైడ్ లివర్ అంటారు. ఇక్కడ పుస్తకం ప్రకారం రాజు ఈ6కి, బోర్డు మధ్యకి, వచ్చి నైట్‌ని కాపాడాలి. పదేళ్ల పిల్లాడు అంత ధైర్యం ఎలా చేస్తాడు? రాజుని ఇంటికి, ఈ8కి, పంపాడు. ఎనిమిది, తెల్ల బిషప్ డీ5 నైట్‌ని కొట్టింది. మావాడు తెల్ల క్వీన్‌ని చూశాడు, దాన్ని తరిమే ఎత్తు చూశాడు, నైట్ డీ4 వేశాడు. తొమ్మిది, క్వీన్ ఎఫ్7. బిషప్ వెనకుంది కాబట్టి రాజు కొట్టలేడు, పారిపోవడానికి గడి లేదు. ఆటకట్టు.

ఆ చివరి ఎత్తు గురించి రైలులో చాలాసేపు మాట్లాడుకున్నాం. "క్వీన్‌ని కొట్టడానికి వెళ్లాను మావయ్యా" అన్నాడు. వాడి మీద జాలేసింది, ఎందుకంటే ఆలోచన ఉంది, ఎదుటివాడి ఆలోచన ఏమిటా అని చూడటమే లేదు. తప్పు ఐదో ఎత్తుదే అయినా, వాడు నేర్చుకోవాల్సింది ఎనిమిదో ఎత్తు దగ్గర ఉంది: ఎదుటివాడు ఎత్తు వేయగానే "ఇప్పుడు వీడు ఏం చేద్దామనుకుంటున్నాడు?" అని ముందు అడుగు, నీ ఎత్తు తర్వాత.

ఇక బాగుచేసుకోవడం. రెండు దార్లు ఉన్నాయి. ఒకటి, అదే దారిలో ఐదో ఎత్తుకి బంటుని కొట్టకుండా నైట్‌ని ఏ5కి వేసి బిషప్‌ని తరమడం. తెల్ల బిషప్ బీ5కి వచ్చి చెక్ ఇస్తుంది, బంటు సీ6తో అడ్డుకుంటాం, తెల్ల బంటు దాన్ని కొడితే బీ బంటుతో తిరిగి కొడతాం. ఒక బంటు పోతుంది, బదులుగా మన పావులు చకచకా బయటికొస్తాయి, బిషప్ మళ్లీ పరిగెత్తాలి. మంచి ఆటే, కానీ బంటు తక్కువగా ఆడటం పిల్లలకి టెన్షన్.

రెండోది మేం ఎంచుకున్నది. మూడో ఎత్తులో నైట్ బదులు బిషప్ సీ5. ఇప్పుడు తెల్ల నైట్ జీ5కి దూకితే ఏమవుతుంది? డీ8లో ఉన్న మన క్వీన్ ఈ7, ఎఫ్6, జీ5 అని నేరుగా చూస్తోంది, దారిలో ఏమీ లేదు. నైట్‌ని ఉచితంగా కొట్టేస్తుంది. నైట్ ఎఫ్6 ముందే వేస్తే ఆ దారి మనమే మూసుకున్నట్టు. ఇది చూపించినప్పుడు మావాడు బోర్డు మీదికి వంగిపోయి రెండు నిమిషాలు మాట్లాడలేదు.

తెల్లవాళ్లు తెలివిగా ముందు డీ3 వేసి, మనం నైట్ ఎఫ్6 వేశాక అప్పుడు నైట్ జీ5 వేస్తే? క్యాజిలింగ్ చేసెయ్యాలి. ఎఫ్7ని ఇప్పుడు రాజు, రూక్ ఇద్దరూ కాస్తారు. వాళ్లు ఆగలేక నైట్‌తో ఎఫ్7 కొట్టి, రూక్‌తో మనం కొట్టి, బిషప్‌తో వాళ్లు కొట్టి, రాజుతో మనం కొడితే లెక్క చూడండి (రూక్ విలువ ఐదు, నైట్, బిషప్ మూడేసి, బంటు ఒకటి). వాళ్లకి రూక్, బంటు వచ్చాయి, ఐదు ఒకటి ఆరు. మనకి నైట్, బిషప్ వచ్చాయి, మూడు మూడు ఆరు. పాయింట్ల లెక్క సమానం. ఆటలో మాత్రం మనదే పైచేయి, ఎందుకంటే బోర్డు నిండా పావులున్నప్పుడు రెండు చిన్న పావులు చేసే పని ఒక మూల రూక్ చేయలేదు. ఈ మార్పిడిని ఐదారుసార్లు బోర్డు మీద ఆడించండి, తెల్ల వైపు ఒకసారి, నల్ల వైపు ఒకసారి. పావుల విలువ అంటే ఏమిటో దీంతో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

తెల్లవాళ్లు మొదట డీ4 వేస్తే: డీ5, నైట్ ఎఫ్6, ఈ6, బిషప్ ఈ7, క్యాజిలింగ్. ప్రస్తుతానికి అంతే చాలు.

చిన్న బోర్డుల మీద తిరిగే ఉచ్చులు

అండర్-7, అండర్-9 హాళ్లలో రెండు మూడు ఉచ్చులు జ్వరంలా అంటుకుని తిరుగుతుంటాయి. మొదటిది నాలుగెత్తుల ఆటకట్టు. తెల్ల ఈ4, నల్ల ఈ5, క్వీన్ హెచ్5. ఇక్కడ భయపడి జీ6 వేస్తే క్వీన్ ఈ5 బంటుని చెక్‌తో కొట్టి, తర్వాత హెచ్8లో రూక్‌ని మింగేస్తుంది. కాబట్టి ముందు నైట్ సీ6, ఈ5కి కాపలా. బిషప్ సీ4 వచ్చాక ఇప్పుడు జీ6. క్వీన్ ఎఫ్3కి వెళ్లి మళ్లీ ఎఫ్7 మీద కన్నేస్తే నైట్ ఎఫ్6. అయిపోయింది, వాళ్ల క్వీన్ తిరుగుతూనే ఉంది, మన నైట్లు రెండూ బయటికొచ్చేశాయి.

ఇంకొకటి మనం తెల్ల వైపు ఉన్నప్పుడు వచ్చేది. మూడో ఎత్తుకి మనం బిషప్ సీ4 వేయగానే నల్ల నైట్ సీ6 నుంచి డీ4కి దూకుతుంది, ఈ5 బంటుని కాపలా లేకుండా వదిలేసి. ఆశపడి నైట్‌తో ఆ బంటుని కొడితే క్వీన్ జీ5కి వస్తుంది, ఒకేసారి నైట్ మీదా జీ2 మీదా. అక్కడ మన నైట్ ఎఫ్7 కొడితే క్వీన్ జీ2 కొడుతుంది, రూక్ ఎఫ్1కి తప్పుకుంటే క్వీన్ ఈ4 బంటుని చెక్‌తో కొడుతుంది, బిషప్ ఈ2తో అడ్డం వేస్తే నైట్ ఎఫ్3, ఆటకట్టు. మన రాజు చుట్టూ మన పావులే గోడ కట్టేస్తాయి. మందు చాలా సులువు: ఈ5ని ముట్టుకోకుండా నైట్‌తో డీ4 నైట్‌ని కొట్టేయండి. తర్వాత క్యాజిలింగ్, డీ3, మామూలు ఆట.

ఇవి నేర్పమంటున్నది తప్పించుకోవడానికి మాత్రమే. ఉచ్చుల మీద గెలవడం అలవాటైతే, ఎదుటివాడు పడకపోయిన రోజున పిల్లాడికి ఆట రాదు. అలాంటి పిల్లల్ని అండర్-13కి వచ్చేసరికి చూశాను, పాపం, ఐదో ఎత్తు తర్వాత ఏం చేయాలో తెలియక దిక్కులు చూస్తారు.

ఆరు వారాలు ఎలా గడపాలి

మొదటి వారం నియమాలు, గడులు. రెండో, మూడో వారాలు ఇటాలియన్, రెండు వైపులా. మిగతా మూడు వారాలు రోజుకి ఒక పూర్తి ఆట గడియారంతో, ఒక పది చిన్న లెక్కలు, అంటే ఒక ఎత్తులోనో రెండు ఎత్తుల్లోనో ఆటకట్టు చేసేవి. ఆన్‌లైన్‌లో ఆడటం మంచిదే కానీ స్క్రీన్ మీద తప్పు ఎత్తు వేస్తే అదే ఒప్పుకోదు, బోర్డు మీద ఒప్పుకుంటుంది. క్లాసికల్ ఆటలో నియమం తప్పిన ఎత్తు వేసి గడియారం నొక్కేస్తే, మొదటిసారి ఎదుటివాళ్లకి రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు, రెండోసారి మామూలుగా ఓటమే. అందుకని వారానికి కనీసం నాలుగు ఆటలు చెక్క బోర్డు మీదే ఆడించండి. ఇంట్లో ఆడేవాళ్లు లేకపోతే వీధిలో ఇంకో పిల్లని పిలవండి.

ఆడపిల్లల్ని మరీ పిలవండి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. మన జిల్లాల్లో ఇంకా అన్నయ్య ఆడుతుంటే చెల్లి పక్కన కూర్చుని చూడటమే ఎక్కువ. ఆ చెల్లి చేతికి ఒక బోర్డు ఇవ్వండి.

టోర్నమెంట్ రోజు

వయసు విభాగం ప్రకటనలో ఇచ్చిన తేదీతో చూసుకోండి, మామూలుగా ఆ ఏడాది జనవరి 1 నాటి వయసే లెక్క. పుట్టిన తేదీ సర్టిఫికెట్ నకలు దగ్గర ఉంచుకోండి. రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె) గురించి మొదటి టోర్నమెంట్‌లో మాట్లాడనే వద్దు.

శ్రీకాకుళం వైపు నుంచి విజయనగరం వచ్చేవాళ్లు వీలైతే ముందు రోజు సాయంత్రమే వచ్చి చుట్టాలింట్లో దిగండి. అలా కుదరకపోతే రిపోర్టింగ్ టైమ్‌కి గంట ముందు చేరే రైలో బస్సో చూసుకోండి. సిరిమానోత్సవం (పైడితల్లి అమ్మవారి జాతర) రోజుల్లో అయితే ఊళ్లో కాలు పెట్టే సందు ఉండదు, అప్పుడు ఇంకా ముందు బయల్దేరాలి. మధ్యాహ్నానికి పెరుగన్నం, నీళ్లు, ఒక గుప్పెడు జీడిపప్పు. నూనె వంటలు పెడితే మూడో రౌండ్‌కి నిద్రొస్తుంది.

ఫోను, స్మార్ట్ వాచ్ పిల్లల దగ్గర అస్సలు ఉండకూడదు, జేబులో మోగితే ఆట పోయినట్టే. అడగాల్సింది ఏదైనా ఉంటే గడియారం ఆపి చెయ్యెత్తి ఆర్బిటర్‌ని (ఆటలు పర్యవేక్షించే అధికారిని) పిలవమని ముందే చెప్పండి, ఎదుటి పిల్లలతో వాదించొద్దని కూడా. డ్రా అడగాలంటే తన ఎత్తు వేసి, అడిగి, అప్పుడు గడియారం నొక్కాలి.

ఇంకో సంగతి చాలామంది అమ్మానాన్నలకి తెలియదు. ఇది కబడ్డీ నాకౌట్ కాదు, స్విస్ పద్ధతి. ఓడితే ఇంటికి పంపరు. ఎన్ని పాయింట్లు ఉన్నాయో అంతే పాయింట్లున్న వాళ్లతో తర్వాతి రౌండ్ పడుతుంది, చివరి రౌండ్ దాకా అందరూ ఆడతారు. మా పక్కన కూర్చున్న ఒక నాన్న రెండో రౌండ్ ఓడగానే కూతుర్ని తీసుకుని బయల్దేరబోయాడు. "ఇంకా నాలుగు ఆటలున్నాయండి, కూర్చోండి" అన్నాను. ఆ అమ్మాయి తర్వాత మూడు గెలిచింది. పైగా పాయింట్లు సమానమైతే మన ప్రత్యర్థులు ఎన్ని గెలిచారో చూసి ర్యాంకు ఇచ్చే పద్ధతి కూడా ఉంది, అంటే మనతో ఆడినవాళ్లు బాగా ఆడటం కూడా మనకి మేలే.

ఆట అయిపోయాక

పిల్లాడు బయటికి రాగానే "గెలిచావా?" అని అడగకండి. ముఖం చూస్తే తెలుస్తుంది కదా. నీళ్లివ్వండి. తర్వాతి రౌండ్‌కి ముందు తప్పులు చెప్పకండి, అప్పుడు చెబితే బుర్రలో అదే తిరుగుతుంది.

కానీ ఆట మాత్రం రాయించుకోవాలి. ర్యాపిడ్‌లో రాసి ఉండరు కాబట్టి బయటికొచ్చిన పది నిమిషాల్లోపు గుర్తున్నంత వరకు ఒక నోట్‌బుక్‌లో రాయించండి. మొదట్లో మావాడికి ఆరేడు ఎత్తులే గుర్తుండేవి, ఇప్పుడు ఇరవై దాకా రాస్తాడు. ఇంటికొచ్చాక, లేకపోతే మాలాగా తిరుగు రైలులో చిన్న అయస్కాంతం బోర్డు మీద, ఆ ఆట మళ్లీ వేయండి. మేం నెల్లిమర్ల దాటేలోపు తొమ్మిదెత్తులూ వేసేశాం, పొందూరు వచ్చేదాకా ఐదో ఎత్తు దగ్గరే కూర్చున్నాం. నేను ఒక్క మాటే అడిగాను, "ఇక్కడ నువ్వు ఏమనుకున్నావు?" వాడు చెప్పేదాకా ఆగాను. చెస్ ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్, పెట్టి చూస్తే సెకనులో సరైన ఎత్తు చూపిస్తుంది, కానీ అది పిల్లాడు ఏమనుకున్నాడో చెప్పదు కదా. ఇంజిన్ ఆఖర్న, మీరిద్దరూ మాట్లాడుకోవడం అయ్యాక.

నోట్‌బుక్‌లో ప్రతి ఆట కింద ఒక్క వాక్యం రాయించండి, వాడి మాటల్లోనే. ఆ ఆట కింద మావాడు రాసుకున్నది: "నేను క్వీన్‌ని చూశాను, ఎఫ్7 చూడలేదు."

ఆరు వారాల తర్వాత శ్రీకాకుళంలో ఇంకో టోర్నమెంట్. నాలుగో రౌండ్‌లో నల్ల పావులు వచ్చాయి, ఎదుటి పిల్లాడు బిషప్ సీ4 వేశాడు, మావాడు బిషప్ సీ5 వేశాడు, అవతలివాడు అలవాటు కొద్దీ నైట్‌ని జీ5కి దూకించాడు. క్వీన్‌తో కొట్టేశాడు. ఒక నైట్ ఎక్కువతో ఆడుకుంటూ పోయి, చివరికి క్వీన్, రాజు మిగిలి, ఎదుటివాడికి ఒంటరి రాజు మిగిలాక, ఆ రాజుని మూలకి తోసి కదలడానికి గడి లేకుండా చేశాడు. చెక్ లేదు, కదలడానికి గడి లేదు, అంటే స్టేల్‌మేట్, డ్రా. అర పాయింటు.

కాబట్టి ఇప్పుడు రాత్రి అన్నాలయ్యాక మా ఇంట్లో జరుగుతున్న పని ఇది: ఒక వైపు క్వీన్, రాజు, ఇంకో వైపు ఒంటరి రాజు. క్వీన్‌ని ఆ రాజుకి గుర్రం గెంతు దూరంలో పెట్టి అంచుకి తోయడం, రాజు అంచు వరసకి చేరగానే క్వీన్‌ని పక్క వరసలో నిలిపి, ఒంటరి రాజుకి రెండు గడులు మిగిలాయో లేదో వేలితో లెక్కపెట్టి, క్వీన్‌ని ఇక ముట్టుకోకుండా మన రాజుని ఒక్కో గడి నడిపించి తీసుకురావడం. గడియారంలో రెండు నిమిషాలు పెడుతున్నాం. నిన్న రాత్రికి పదింట్లో ఎనిమిదిసార్లు కుదిరింది.